బాంబు జాడ చెప్పే పాత ఫొటో

గూగుల్ ఎర్త్‌లో పట్టిసీమను చూస్తూ తేదీలను వెనక్కి జరిపితే, 2015లో కట్టిన ఎత్తిపోతల పథకం మాయమై ఉత్త గోదారి గట్టు మిగులుతుంది. మనకిది సరదా. జర్మనీలో మాత్రం ఇలా పాత, కొత్త చిత్రాలను పోల్చడం ప్రాణాలు కాపాడే పని!

రెండో ప్రపంచ యుద్ధం సెగ మనకూ తగిలింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ, కాకినాడలపై బాంబులు వేశాయి. మనమీద పడ్డవి కొన్నే. జర్మనీ మీద కురిసినవి లక్షల టన్నులు. వాటిలో పేలనివి ఇంకా భూమిలోనే ఉన్నాయి.

నష్టమెంతో చూసుకోవడానికి బ్రిటన్, అమెరికా విమానాలు అప్పట్లో పైనుంచి ఫొటోలు తీశాయి. పేలిన బాంబు పెద్ద గొయ్యి చేస్తుంది. పేలనిది చిన్న బొక్క పెట్టి లోపలికి దిగిపోతుంది. నిపుణులు ఆ బొక్కను ఫొటోలో వెతికి పట్టుకుని, ఇప్పటి పటంతో పోల్చి ఏ వీధిలో ఉందో తేలుస్తారు. అక్కడ చాలాచోట్ల పునాది తవ్వేముందు ఈ ఫొటోలు చూడాల్సిందే. అయినా చెట్లచాటున, శిథిలాల కింద పడ్డవి కెమెరాకి చిక్కవుగా!

2017లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఓ కట్టడం కోసం తవ్వుతుంటే 1.8 టన్నుల బ్రిటిష్ బాంబు బయటపడింది. సెప్టెంబరు 3న దాదాపు 60 వేలమందిని ఖాళీ చేయించారు. బాంబును నిర్వీర్యం చేశాక, ఆ రాత్రికి అందరూ ఇళ్లకు చేరారు.