మాట్లాడే తరగతి కావాలి

మన వారాంతపు బడుల్లో చాలామంది పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. అమ్మ తెలుగులో అడుగుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. గుణింతాలు దిద్దించినా, వాచకం వల్లె వేయించినా ఈ తీరు మారడం లేదు. తరగతి నిండా పిల్లలుంటే ఒక్కొక్కరు నోరు విప్పేది రెండు మూడు నిమిషాలే కదా! అందుకే ఈ ఏడాది పాడ్‌కాస్టును తరగతిలోకి తెద్దామని మన ఉపాధ్యాయులను కోరుతున్నాను. పిల్లలకు వినిపిద్దాం, అంతకన్నా ముఖ్యంగా వాళ్ల చేత చేయిద్దాం.

వినిపించడానికి సరుకు బాగానే ఉంది. హర్షణీయం, దాసుభాషితం వంటివి తెలుగు కథల్ని ఫోనులోకే తెచ్చాయి. అక్షరాలు కూడబలుక్కునే పిల్లవాడు కూడా మంచి కథ విని ఆనందించగలడు. కాకపోతే ఏకబిగిన అరగంట వినిపిస్తే ధ్యాస ఎటో పోతుంది. రెండు నిమిషాలకోసారి ఆపి, తర్వాత ఏమవుతుందో వాళ్లనే చెప్పమనాలి.

చేయించడంలోనే అసలు చదువుంది. 2019లో అమెరికా పబ్లిక్ రేడియో ఎన్‌పీఆర్ తొలి విద్యార్థి పాడ్‌కాస్టు పోటీ ఫలితాలు ప్రకటించింది. హైస్కూలు విభాగంలో టెనెసీ రాష్ట్రం ఎలిజబెత్‌టన్ పిల్లలు గెలిచారు. దగ్గర్లోని ఎర్విన్ ఊళ్లో 1916లో మేరీ అనే సర్కస్ ఏనుగును క్రేనుకు ఉరితీశారు. ఆ మచ్చను ఊరివాళ్లు ఇప్పుడెలా చెరుపుకుంటున్నారో పిల్లలు చెప్పారు. వాళ్ల కథ వాళ్లకు కూతవేటు దూరంలోనే దొరికింది.

మన పిల్లల కథ ఫోనుకు అవతల ఉంది. ఒక పాప నాయనమ్మకు ఫోన్ చేసి "మీరు బడికెలా వెళ్లేవారు?" అని అడిగిందనుకోండి. "ఏరు దాటాలమ్మా, వానాకాలం ఎగ్గొట్టేసేవాళ్లం" అంటుందావిడ. "ఏట్లో నీళ్లు ఎంత లోతుండేవి?" అనే ప్రశ్న అక్కడికక్కడ పుడుతుంది. కాగితం మీద రాసుకున్న ప్రశ్న కాదది, నిజంగా తెలుసుకోవాలనిపించి అడిగింది. ఆ పావుగంట ముచ్చటను మూడు నిమిషాలకు కుదించాలంటే పాప దాన్ని మళ్లీ మళ్లీ వినాలి. ఏ మాట ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవాలి. ఏ అభ్యాస పుస్తకమూ ఒక పిల్లను అన్నిసార్లు ఒకే తెలుగు వాక్యం దగ్గరికి రప్పించలేదు. ఆ నాయనమ్మది శ్రీకాకుళం యాసైనా, వరంగల్ యాసైనా, అనంతపురం యాసైనా అలాగే ఉంచండి, దిద్దకండి.

పిల్లల చేత ఇలా చేయించడం మనకు కొత్తేమీ కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి మద్రాసులోనూ, తర్వాత హైదరాబాదులోనూ పిల్లల్నే మైకు ముందు నిలబెట్టారు. ఆ పిల్లలు స్టూడియో దాకా వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోను చాలు. బట్టలున్న అలమర దగ్గర కూర్చుంటే గొంతు ప్రతిధ్వనించదు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. రికార్డింగు సాగుతుండగా తప్పులు దిద్దవద్దు. తన గొంతు తాను విన్న పిల్లవాడు సగం తప్పులు తనే పట్టుకుంటాడు. తల్లిదండ్రులకు మరొకటి. పిల్లల పూర్తి పేర్లు, బడి పేర్లు వద్దు. రికార్డు చేసే ముందు తాతయ్యల, అమ్మమ్మల అనుమతి పిల్లలే తెలుగులో అడగాలి. మంచి రికార్డింగులను మన తెలుగు సంఘం ఉగాది వేడుకలో వేదిక మీద వినిపిద్దాం. నాటికలకూ నృత్యాలకూ ఇచ్చే సమయంలో ఓ పావుగంట వీటికి కేటాయించమని కార్యవర్గాన్ని ఇప్పుడే అడుగుతున్నాను.