876 ముందా, 828 వెనకా?

"రికార్డు అబద్ధమాడదండీ మాస్టారూ" అంటుంటాడు మా స్టాఫ్‌రూంలో ఒకాయన. రిజర్వేషన్ మాటొస్తే చాలు, మార్కుల లిస్టు తీస్తాడు. ఈసారి నేనొక లిస్టు తీశాను. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌ల లిస్టు.

అడాల్ఫ్ రప్ అనే తెల్లాయన కెంటకీ యూనివర్సిటీ కోచ్. 1930 నుంచి 1972 దాకా జట్టును 876 ఆటల్లో గెలిపించాడు. క్లారెన్స్ గెయిన్స్ అనే నల్లాయన నార్త్ కరోలినాలో విన్‌స్టన్ సేలం అనే నల్లవాళ్ల కాలేజీ కోచ్. 1946 నుంచి 1993 దాకా, 47 ఏళ్లు ఒక్కచోటే ఉండి 828 గెలిచాడు, 447 ఓడాడు. ఆయన రిటైరైననాడు రప్ మొదటివాడు, గెయిన్స్ రెండోవాడు. తర్వాత ఆ ఇద్దర్నీ దాటినవాళ్లు వచ్చారు, అది వేరే సంగతి.

గెయిన్స్ 1923లో పుట్టింది ఎక్కడనుకున్నారు? అదే కెంటకీలో! 1941లో హైస్కూలు ముగించాడు. కానీ సొంత రాష్ట్రపు యూనివర్సిటీ గడప తొక్కనివ్వరు. నల్ల విద్యార్థికి ఆ తలుపు తెరుచుకున్నది 1949లో, అదీ కోర్టు చెబితే. అందుకని బాల్టిమోర్ పోయి కెమిస్ట్రీ చదివాడు. పళ్ల డాక్టరు కావాలనుకున్నవాడు, టీచర్లను తయారుచేసే చిన్న కాలేజీలో పనికి కుదిరాడు. అక్కడ ఫుట్‌బాలూ ఆయనే నేర్పాలి, పాఠాలూ ఆయనే చెప్పాలి, టిక్కెట్ల సంగతీ ఆయనే చూడాలి. (ఏకోపాధ్యాయ బడి పంతుళ్లకు ఈ బాధ నేను చెప్పాలా?) 1950లో న్యూయార్కులో కొలంబియా నుంచి మాస్టర్స్ డిగ్రీ తెచ్చుకున్నాడు. 1913లో బాబాసాహెబ్ చేరిన కొలంబియానే అది.

"అయితే గెయిన్స్ గెలిచింది చిన్న కాలేజీల మీదేగా?" అన్నాడు మా స్టాఫ్‌రూం ఆయన. పెద్దవాళ్లతో ఆడనియ్యందెవరు సారూ? రప్ సంగతే చూడండి. ఆయన ఆడిన దక్షిణాది లీగులో 1967 దాకా ఏ యూనివర్సిటీ పెద్ద జట్టులోనూ ఒక్క నల్ల ఆటగాడు దిగలేదు. రప్ తన జట్టుకు మొదటి నల్ల కుర్రాణ్ణి తీసుకున్నది 1969లో. ఊళ్లో సగం మందిని గేటు బయట నిలబెట్టి పెట్టిన పందెం అది. 1966 జాతీయ ఫైనల్లో టెక్సాస్ వెస్ట్రన్ ఐదుగురు నల్ల ఆటగాళ్లను మొదట బరిలో దింపి, రప్ అందరూ తెల్లవాళ్ల జట్టును 72-65తో ఓడించింది.

మరుసటేడు చిన్న కాలేజీల జాతీయ పోటీలో గెయిన్స్ జట్టు గెలిచింది. ఆ ఏడాది 31 గెలుపులు, ఒక్క ఓటమి. ఎర్ల్ మన్రో అనే కుర్రాడు ఆటకు సగటున 41.5 పాయింట్లు కొట్టాడు. ఎన్‌సిఎఎ బాస్కెట్‌బాల్ టైటిల్ ఒక నల్ల కాలేజీకి రావడం అదే మొదలు.

ఆ తర్వాతే అసలు కథ. తలుపులు తెరిచాక తెల్ల యూనివర్సిటీలు గెయిన్స్ దగ్గరికి రావలసిన పిల్లల్ని డబ్బుతో, పేరుతో ఎగరేసుకుపోయాయి. ఆటగాళ్లు కావాలి గానీ, వాళ్లను తయారుచేసిన నల్ల కోచ్‌లు అంత తొందరగా అక్కర్లేకపోయారు! గెయిన్స్‌కు చివరి ఏళ్లలో ఓటములు పెరిగాయి. అవి కూడా ఆ 447లోనే పడ్డాయి.

రప్‌కు ఆట తెలీదని నేననటంలేదు. 876 పక్కన 1949, 1967, 1969 కూడా రాయమంటున్నాను. మీ మీటింగుల్లో ఎవరైనా మెరిట్ లిస్టు తీస్తే, ఆ పందేనికి ఎవర్ని రానిచ్చారో ముందు అడగండి. మా ఆయన్ని నేనడిగాను. "బెల్లయింది మాస్టారూ" అని లేచాడు.