కిస్తీ ఇద్దరిది, ఇల్లు ఎవరిది?

త్రిపురారంలో ఒక పొదుపు సంఘం సమావేశానికి వెళ్లినప్పుడు, మీటింగు అయిపోయాక ఒక అంగన్‌వాడీ టీచర్ నన్ను పక్కకు పిలిచి ఒక లెక్క అడిగింది. ఆమెకు ముప్పై ఏళ్లు, ఇద్దరు చిన్న పిల్లలు. భర్త మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో గుమాస్తా. ఈ మధ్యే బ్యాంకులో పది లక్షలు అప్పు తీసుకుని ఇల్లు కట్టుకున్నారు. ఖర్చులన్నీ పోను ఆమె చేతిలో నెలకు వెయ్యి రూపాయలు మిగులుతున్నాయి.

"మా ఆయనేమో ఆ వెయ్యి గూడ అప్పుకే కట్టి తొందరగ తెంపుకుందామంటడు మేడం. నాకేమో ముసలితనానికి జర దాసుకోవాల్నని ఉంది. ఏది మంచిదంటరు?"

అక్కడే కూర్చుని లెక్క వేశాను. పది లక్షల అప్పు, తొమ్మిది శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు. కిస్తీ నెలకు దాదాపు 9,000 రూపాయలు. మొదటి నెల అందులో 7,500 వడ్డీకే పోతుంది. ఇరవై ఏళ్లలో మొత్తం కట్టేది 21 లక్షల 60 వేల దాకా. నెలకు వెయ్యి అదనంగా కడితే పదిహేనున్నరేళ్లకే అప్పు తీరుతుంది, మూడు లక్షల వరకు వడ్డీ మిగులుతుంది. అప్పు మీద తొమ్మిది శాతం కడుతూ, పొదుపు మీద ఏడు శాతం తీసుకోవడం నష్టమే కదా. లెక్క ప్రకారం భర్త మాటే సరైనది.

కానీ ఈ లెక్క కుటుంబమంటే ఒకే మనిషి, ఒకే సంచి అనుకుని వేసినది. అందుకే ఇంకో ప్రశ్న అడిగాను: "ఇల్లు ఎవరి పేరున ఉంది?"

"మా ఆయన పేరు మీదనే. జాగ మా మామ ఇచ్చిండు గద. లోనుకైతే నేను గూడ సంతకం పెట్టిన."

ఈ రెండు వాక్యాల మధ్య ఎంత దూరం ఉందో మనలో చాలామందిమి గమనించం. అప్పుకు సహ దరఖాస్తుదారుగా సంతకం పెడితే అప్పు తీర్చే బాధ్యత వస్తుంది. ఇంటి మీద హక్కు రాదు. హక్కు రావాలంటే రిజిస్టరైన దస్తావేజులో పేరుండాలి. రేపు భర్త కిస్తీలు ఆపేస్తే బ్యాంకు ఆమెను అడుగుతుంది. ఇల్లు అమ్ముతానంటే మాత్రం ఆమెను అడగాల్సిన పని లేదు.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం. ఆ ఇంట్లో కిస్తీ అతని ఖాతాలోంచి పోతుంది. బియ్యం, పాలు, పిల్లల ఫీజులు, అత్త మందులు ఆమె డబ్బుతో నడుస్తాయి. స్లాబు వేసేటప్పుడు పుట్టింటి వాళ్లు పెట్టిన బంగారం కుదువబెట్టారు. అతను కట్టిన ప్రతి రూపాయికీ బ్యాంకులో రసీదుంది. ఆమె పెట్టిన ప్రతి రూపాయీ తిని, తొడిగి, అరిగిపోయింది. ఆమె ఇంటిఖర్చు భరించకపోతే అతను కిస్తీ కట్టగలిగేవాడా? ఇంటిచాకిరీ శ్రమగా లెక్కలోకి రాదని ఇన్నేళ్లుగా చెబుతున్నాం. ఆమె సంపాదించిన డబ్బు కూడా అలాగే లెక్కలోంచి మాయమవుతోంది.

చట్టం ఈ ఖాళీని పూరించడం లేదు. పెళ్లయ్యాక సంపాదించిన ఆస్తి భార్యాభర్తలిద్దరిదీ అని చెప్పే చట్టం మన తెలుగు రాష్ట్రాల్లో లేదు. 2005 గృహహింస చట్టం ఉమ్మడి ఇంట్లో నివసించే హక్కునిస్తుంది, యాజమాన్యాన్ని కాదు. హిందూ పురుషుడు వీలునామా రాయకుండా చనిపోతే 1956 వారసత్వ చట్టం ప్రకారం భార్యకు దక్కేది పిల్లలతో, అత్తతో సమానంగా ఒక వాటా మాత్రమే. పుట్టింటి ఆస్తిలో ఆడపిల్ల హక్కు గురించి మనం చాలా మాట్లాడాం. ఆంధ్రప్రదేశ్‌లో 1986లో, దేశమంతటా 2005లో సవరణలు వచ్చాయి. మెట్టినింట్లో తన కష్టంతో లేచిన గోడల గురించి మాట్లాడింది తక్కువ.

ఇప్పుడు ముసలితనం సంగతి. అతనికి పీఎఫ్ ఉంది. ఆమెకు వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. తెలంగాణలో 2021లో అది 13,650 రూపాయలైంది. గౌరవానికి పీఎఫ్ ఉండదు! అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మంచి తీర్పే. కానీ గ్రాట్యుటీ ఒక్కసారి చేతికొచ్చే మొత్తం, నెలనెలా వచ్చే పింఛను కాదు.

ఆమె అత్త మా మాటలు వింటూ అంది: "మేం గూడ అభయహస్తం కట్టినం బిడ్డా, రోజుకు రూపాయి." 2009లో వచ్చిన ఆ పథకంలో పొదుపు సంఘం సభ్యురాలు రోజుకు ఒక రూపాయి కడితే ప్రభుత్వం ఒక రూపాయి కలిపేది. అరవై దాటాక నెలకు కనీసం 500 రూపాయల పింఛను. తెలంగాణలో ఆ పథకం ఆగిపోయింది. కట్టిన సొమ్ము వడ్డీతో తిరిగి ఇస్తామని 2022లో ప్రభుత్వం ప్రకటించింది. సొమ్ము తిరిగొచ్చినా, పింఛను కోసం పొదుపు చేసిన వయసు తిరిగి రాదు.

వయసు ఎంత ఖరీదైనదో అటల్ పెన్షన్ పట్టికలో కనిపిస్తుంది. అరవై ఏళ్ల తర్వాత నెలకు 5,000 రావాలంటే ముప్పయ్యో ఏట చేరితే నెలకు 577 రూపాయలు, ముప్పై అయిదులో అయితే 902, నలభైలో అయితే 1,454 కట్టాలి. నలభై దాటితే చేర్చుకోరు. అంటే "ముందు అప్పు తీరనీ, తర్వాత చూద్దాం" అనుకుంటే ఆమెకు ఆ తలుపు మూసుకుపోతుంది. ఈ పింఛనును కూడా గొప్ప చేసి చెప్పను. ధరలు ఏటా అయిదు శాతం పెరిగితే ముప్పై ఏళ్ల తర్వాతి 5,000 ఇవాళ్టి 1,150 రూపాయలతో సమానం. అయినా అది ఆమె పేరున వస్తుంది.

ఇలా మాట్లాడితే కాపురాల్లో అనుమానాలు పెడుతున్నారంటారు. పేర్లు రాసుకోవడం అనుమానమైతే, అన్నీ ఒకరి పేరునే రాసుకోవడాన్ని ఏమనాలి? 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇల్లు ఇంటి మహిళ పేరునే మంజూరు చేస్తున్నారు. దానివల్ల కాపురాలేమీ కూలిపోలేదు.

నేను చెప్పేది ఇంకొకరి కథే కాదు. సోషియాలజీలో డాక్టరేట్ చేసిన నేను, మా ఇంటి అప్పు కాగితాల మీద ఒక మధ్యాహ్నం వరసగా సంతకాలు పెట్టి వచ్చాను. దస్తావేజులో నా పేరుందా అని అడగాలని తోచలేదు. తోచేసరికి ఇల్లు తాకట్టులో ఉంది. బ్యాంకు ఒప్పుకోనిదే పేరు చేర్చడం కుదరదన్నారు. అందుకే అడగాల్సిన సమయం అప్పుకు ముందే.

మనం చేయగల పనులున్నాయి. సంఘాల్లో లోన్ల గురించి మాట్లాడేటప్పుడు దస్తావేజు గురించీ మాట్లాడాలి. ఇప్పటికే అప్పు తీసుకున్నవాళ్లు భర్త చేత వీలునామా రాయించుకోవచ్చు. ఇద్దరు సాక్షులుంటే చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే దాన్ని ఎప్పుడైనా మార్చే వీలుంది కాబట్టి అప్పు తీరగానే పేరు చేర్చాలని ముందే మాట తీసుకోవాలి. ఇక మన సంస్థల సంగతి. ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు మారుతూ పదేళ్లు, పదిహేనేళ్లు పనిచేసే క్షేత్ర కార్యకర్తలకు పీఎఫ్ కడుతున్నామా? ఇరవై మంది ఉద్యోగులుంటే చట్టం కట్టమంటుంది. పందొమ్మిది మంది ఉన్నచోట న్యాయం ఏమంటుంది?

ఆ అమ్మాయికి చివరికి ఇలా చెప్పాను: "ముందు 577 నీ పేరున కట్టు. మిగిలిన నాలుగొందల చిల్లర అప్పుకు పోనీ. వడ్డీలో కొంత నష్టపోతావు. అది నీ పేరు నిలబెట్టుకోవడానికయ్యే ఖర్చు అనుకో."

ఆమె కాసేపు ఆలోచించి, "మరి దస్తావేజు సంగతి మా ఆయనను ఎట్ల అడగాలె మేడం?" అంది.

దానికి నా దగ్గర పట్టిక లేదు. పక్కనే ఉన్న అత్త అంది: "నేనడుగుత తియ్యి. వాని నాయిన నన్ను అడగకుంటనే జాగ రాసిచ్చిండు."