రక్తపోటును కొలుచుట మన సంఘపు పనియేనా?

గడచిన మహాజన సభలో నొక సభ్యుడు లేచి, సంఘమువారు ఉమ్మడి మేలునకై ప్రత్యేకించిన నిధినుండి రక్తపోటును కొలుచు యంత్రములు రెండు కొని కార్యాలయమున నుంచవలయుననియు, ఆ కొలతలను సెల్‌ఫోనులో నమోదు చేసి, మందు తెచ్చుకొనవలసిన దినమును సభ్యులకు జ్ఞాపకము చేయుట కొక మనిషిని నియమింపవలయుననియు కోరెను. వెంటనే మరికొందరు "మనది పరపతి సంఘమా, ఆసుపత్రియా?" అని యడిగిరి. విత్తనములు, ఎరువులు, అప్పులు, వసూళ్లు చూచుకొనుటకే తీరిక చాలని సంఘమునకు మందుల వ్యవహారమేల యని వారి వాదము. ఏ తీర్మానమును కాకయే విషయము రాబోవు సభకు వాయిదా పడినది. ఈలోపల సభ్యులు నిదానముగా ఆలోచించుకొనుటకై మా యభిప్రాయమును ఇచట విన్నవించుచున్నాము.

జ్వరము వచ్చినచో ఒళ్లు కాగును. పుండు లేచినచో సలుపు పెట్టును. రక్తపోటున కట్టి గుర్తులు సాధారణముగా నుండవు. పై అంకె 140గాని, క్రింది అంకె 90గాని, అంతకు మించిగాని పలుమారు కొలిచినను నిలిచియున్నచో అది వ్యాధియే. అయినను ఆ మనిషి దుక్కి దున్నును, మోపు లెత్తును, కడుపునిండ తినును. లోపల మాత్రము గుండెయు, మెదడునకు పోవు నరములును, మూత్రపిండములును ఏండ్ల తరబడి దెబ్బతినుచుండును. ఇది పట్టణములలో కూర్చుండి పనిచేయు ధనికుల జబ్బని మనలో పలువురు భ్రమపడుచున్నారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారము 15 ఏండ్లు నిండినవారిలో పురుషులు నూటికి 24 మందియు, స్త్రీలు నూటికి 21 మందియు ఈ బాధ గలవారే. మన సభ్యుల పట్టికను ఈ లెక్కతో సరిచూచుకొనిన, ప్రతి నలుగురైదుగురిలో ఒకరన్న మాట.

ఇది పరపతి సంఘమునకు సంబంధింపని సంగతియని చెప్పువారు మా యెరుకలోని యొక ఖాతాను చూడవలయును. ఏండ్ల తరబడి ఒక్క వాయిదాయైనను తప్పని సభ్యు డాయన. ఒకమారు డాక్టరు చూచి రక్తపోటున్నదని మాత్రలు వ్రాసి యిచ్చెను. రెండు నెలలు వాడిన పిమ్మట "ఒంట్లో బాగుగనే యున్నది గదా" యని మానివేసెను. ఎందుకు మానితివని యడిగినవారు లేరు. నాట్ల కాలమున గట్టుమీద నుండగానే కుడి చేయియు కాలును పడిపోయినవి. ఆసుపత్రి ఖర్చులకు పాడిగేదెలు అమ్ముడైనవి. పొలము కౌలున కిచ్చిరి. యిల్లాలు కూలికి పోవుచున్నది. నాడు మచ్చలేని ఆ ఖాతా నేడు బకాయి. పంట పోయినచో మరుసటి పంటకై చూతుము. పనిచేయు చేయియే పడిపోయినచో ఏ పంటకై చూడగలము? అప్పిచ్చునపుడు భూమిని చూచుచున్నాము, పైరును చూచుచున్నాము. ఆ రెంటికిని ఆధారమైన మనిషిని మాత్రము చూచుటలేదు.

ఇక సెల్‌ఫోను సంగతి. మాత్రలు వాడుచుండగా మధ్యలో మానివేయుటయే ఈ వ్యాధిలో పెద్ద చిక్కు. ఎవరు ఎప్పుడు వచ్చిరి, ఎంత కొలత వచ్చెను, ఎవరు రావలసియుండి రాలేదు అన్న లెక్కను పెద్ద దస్తరములలో వెదకి తీయుట కష్టము. ఫోను ఈ పనిని క్షణములో చేయును. 2017లో కేంద్ర ఆరోగ్య శాఖయు, భారత వైద్య పరిశోధనా మండలియు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు, రాష్ట్ర ప్రభుత్వములును కలిసి రక్తపోటు నియంత్రణ కార్యక్రమమును ఆరంభించినపుడు మొదట చేపట్టిన అయిదు రాష్ట్రములలో తెలంగాణ యొకటి. తక్కినవి పంజాబు, కేరళ, మధ్యప్రదేశము, మహారాష్ట్రములు. అందు "సింపుల్" అను ఫోను సాధనమును నర్సుల చేతికిచ్చిరి. రోగి రాగానే కొలతయు మందును అందులో ఎక్కింతురు. గడువు దాటియు రానివారి పేర్లు పట్టికగా కనబడును. వారికి ఫోను చేసి పిలుతురు. మనము వాయిదా దాటిన అప్పుల పట్టికను తయారుచేయు పద్ధతియే యిది. బకాయిదారునికి నోటీసు పంపుటకు లేని సంకోచము, మాత్రలు మరచినవానికి కబురు పంపుట కేల?

అయితే యంత్రము వచ్చినంతనే రోగము పోవునని మేము చెప్పుటలేదు. పశ్చిమ గోదావరి జిల్లాలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల పరిధిలో 54 గ్రామములందు ఆశా కార్యకర్తల చేతికి పలకవంటి ఫోనులిచ్చి గొప్ప పరీక్ష యొకటి జరిపిరి. దాని ఫలితములు 2019లో ప్రకటింపబడినవి. ఆశా కార్యకర్తలు ఇండ్లకు పోయి కొలిచిరి; ముప్పు గలవారిని గుర్తించిరి. అయినను రక్తపోటు అదుపులోనికి వచ్చినవారి సంఖ్యలో, ఫోను ఉన్న కాలమునకును లేని కాలమునకును చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. అదే సంవత్సరమున ప్రకటింపబడిన హర్యానా, కర్ణాటక రాష్ట్రముల పరీక్షలోను ఇట్లే జరిగినది: ఫోను సలహా నిచ్చిన కేంద్రములలోను, నర్సు మాత్రమే శ్రద్ధగా చూచిన కేంద్రములలోను రక్తపోటు ఇంచుమించు సమానముగనే తగ్గినది.

దీనికి భిన్నముగా 2020లో వెలువడిన మరియొక పరీక్షను చూడుడు. పాకిస్థాను, బంగ్లాదేశము, శ్రీలంకలలోని 30 గ్రామీణ సముదాయములలో గ్రామ ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి కొలుచుచు, ఉప్పు మొదలగు విషయములలో నచ్చజెప్పుచు, అవసరమైనవారిని శిక్షణ పొందిన డాక్టరునొద్దకు పంపుచు రెండేండ్లు నడిపిరి. ఇతర గ్రామములకంటె అచట పై అంకె సుమారు 5 పాళ్లు అదనముగా తగ్గినది. ఇది స్వల్పమని తలపరాదు. పై అంకె 10 పాళ్లు తగ్గినచో పక్షవాతపు ముప్పు నాల్గవ వంతునకు పైగా తగ్గునని వైద్యుల లెక్క. ఈ మూడింటిని కలిపి చూడగా మాకు తోచునదేమనగా: జ్ఞాపకము చేయుట ఫోను పని, పలుకరించుట మనిషి పని, మాత్ర చేతికందుట మూడవ పని. ఈ మూటిలో నేది లోపించినను తక్కినవి వ్యర్థములు.

కనుక సంఘము ఈ పనికి పూనుకొనుచో ఈ క్రింది నియమములు ఉండవలయునని మా కోరిక.

మొదటిది, కొలత సరిగానుండవలయును. తప్పుడు కాటాపై ధాన్యము తూచిన ఎవరు నష్టపోవుదురో మనకు తెలియనిది కాదు. మోచేతికి పైభాగమున పట్టీ చుట్టు యంత్రమునే, పరీక్షింపబడి ప్రమాణమునకు నిలిచినదానినే కొనవలయును. ఎరువుల బస్తా దించి రొప్పుచు వచ్చినవానిని వెంటనే కొలువరాదు. అరగంట ముందునుండి చుట్ట, బీడీ, కాఫీ, టీలు మానవలయును. అయిదు నిమిషములు వీపు ఆన్చి, పాదములు నేల నాన్చి ఊరక కూర్చుండి, చేతిని గుండె యెత్తున నుంచవలయును. ఒక నిమిషము విరామముతో రెండు మారులు కొలువవలయును. ఫోను కెమేరాపై వ్రేలు పెట్టినంతనే రక్తపోటు చెప్పుదుమను సాధనములను నమ్మరాదు. అమెరికాలో 2016లో అట్టిదానినొకదానిని పరీక్షింపగా, నిజముగా రక్తపోటు గల పదిమందిలో దాదాపు ఎనమండ్రను బాగుగనే యున్నారని చెప్పినది!

రెండవది, సంఘపు మనిషి కొలుచునేగాని మందు చెప్పరాదు. అంకె హెచ్చుగా నున్నవారిని ఉపకేంద్రమునకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకో పంపి, వారు పోయిరా లేదా యని కనుగొనవలయును. డాక్టరు చెప్పనిదే మాత్ర మానరాదని అందరికిని బోధింపవలయును. ఊరగాయ, అప్పడము, ఎండుచేపలతో కలిపి దినమునకు 5 గ్రాములలోపు, అనగా ఒక చిన్న చెంచాకు మించని ఉప్పు చాలును. ఒళ్లు నొప్పులకు దుకాణమున కొని మ్రింగు నొప్పిమాత్రలు కొన్ని రక్తపోటును హెచ్చించునని మనలో ననేకు లెరుగరు, దీనినిగూడ చెప్పవలయును.

మూడవది, మాత్రలు దొరకవలయును. 2023లో కేంద్ర ప్రభుత్వము దేశమున 2,000 ప్రాథమిక సహకార పరపతి సంఘములకు జన ఔషధి కేంద్రములు తెరచుటకు అనుమతి నీయ నిశ్చయించినది. కనుక మందులు సంఘముల పని కాదను వాదమునకు ఇపుడు బలము లేదు. ఆరోగ్య కేంద్రమున ఉచితముగ దొరకినంతవరకు అచటనే తీసికొందము. కొరత పడినపుడు చౌకగా నమ్ము మార్గమును సంఘము వెదకవలయును.

నాల్గవది, అన్నిటికంటె ముఖ్యమైనది. రక్తపోటు లెక్కయు అప్పు లెక్కయు ఎన్నటికిని కలియరాదు. "ఫలానివానికి 180 ఉన్నదట, వాని కప్పేల?" అన్న మాట పంచాయతుదారుల నోట ఒక్కసారి వచ్చినను, మరునాటినుండి ఎవ్వరును యంత్రమునొద్దకు రారు. ఆ ఫోను కొలుచువాని యొద్దనే తాళముతో నుండవలయును. కార్యదర్శికిగాని, అధ్యక్షునికిగాని అందలి అంకెలు చూచు హక్కు ఉండరాదు. సభ్యుడు కోరనిదే అతని పేరు ఎక్కింపరాదు. ఈ నియమమును తీర్మానములో వ్రాయనిచో మేమే ఆ తీర్మానమునకు వ్యతిరేకముగ చేయి యెత్తుదుము.

అయిదవది, వాటా పత్రము భర్త పేరనున్నంత మాత్రమున భార్యను విడువరాదు. పొలములో సగము పని ఆమెదే. సెల్‌ఫోను ఇంటి కొకటే యుండి అది మగవాని జేబులో నుండుట తరచు. కనుక ఆమెకు కబురు ఫోనుపై గాక మనిషిద్వారా అందునట్లు చూడవలయును. చదువురాని వృద్ధులకును అంతే.

ఖర్చు మాటయా? రెండు యంత్రముల వెలయు, ఒక మనిషికిచ్చు కొద్దిపాటి భృతియు ఒక్క మొండి బకాయితో సరిపోల్చి చూడుడు. అట్లని మొదటనే భారీ యేర్పాటులు వలదు. ఒక సంవత్సరము నడిపి, ఎందరు కొలిపించుకొనిరి, ఎందరు మాత్రలు మానక వాడుచున్నారు, ఎందరి అంకె 140కి లోబడెను అన్న మూడు లెక్కలను పేర్లు లేకుండ మహాజన సభ యెదుట నుంచవలయును. ఫలము కనబడనిచో నిలిపివేయుదము. పైన చెప్పిన పరీక్షలే మన కీ జాగ్రత్తను నేర్పుచున్నవి.

పేదరైతు ఒంటరిగా అప్పు పుట్టించుకొనలేడని పదిమంది కూడి సంఘము పెట్టుకొంటిమి. ఒంటరిగా తన ఒంటిలోని శత్రువును కనిపెట్టలేడన్నదియు అంతే నిజము. రాబోవు సభకు వచ్చు సభ్యులు ఈ విషయమున మనస్ఫూర్తిగా చర్చింపవలయునని కోరుచున్నాము. అంతవరకు ఆగనక్కరలేని పని యొకటి కలదు: ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును, ఇంటి యాడువారితోగూడ, ఈ వారమే ఉపకేంద్రమునకు పోయి ఒకమారు కొలిపించుకొని రండు.