శ్రుతిదండము గుర్తుగల సంస్థ



యమహా యను పేరు వినినంతనే మనవారికి మోటారు సైకిలు స్ఫురించును. ఆ బండిమీది గుర్తును నిదానించి చూచినవారు అరుదు. అవి ఒండొంటిని దాటుచున్న మూడు శ్రుతిదండములు. వాద్యమునకు శ్రుతి సరిచూచెడి రెండు కొమ్మల ఉక్కుకడ్డీ బండినెక్కుటకు కారణమేమన, ఆ పేరుగల సంస్థ పుట్టినది బడిలో చెడిపోయిన యొక వాద్యమువలన.

మెయిజీ చక్రవర్తి కాలమున జపానునందు క్రొత్త పాఠశాలలు వెలసి, పాటయు పాఠ్యాంశములలో చేరెను. పిల్లల పాటకు తోడుగా విదేశములనుండి ఆర్గనులు తెప్పించిరి. కాలితో తిత్తులు త్రొక్కుచు మెట్లు నొక్కినచో గాలికి లోహపు రీడులు కంపించి పలుకును. మన హార్మోనియమునకు జ్ఞాతియే. వెల మిక్కిలి హెచ్చు. చెడినచో బాగుచేయువారు లేరు. 1887లో హమమత్సు పట్టణపు ప్రాథమిక పాఠశాలలో నట్టి ఆర్గను మూగవోయెను. బడిపంతులుగారి యిల్లాలిని గనుక అచ్చటి ఉపాధ్యాయుల దిగులు నాకు చెప్పనక్కరలేకయే తెలియును.

ఆ యూర వైద్యపరికరములు బాగుచేయు తొరకుసు యమహా యను నతనికి కబురంపిరి. అతడు 1851లో సమురాయి కుటుంబమున జనించి, యౌవనమున నాగసాకిలో గడియారముల పని నేర్చినవాడు. మూత విప్పి చూడగా విరిగిన స్ప్రింగులు కనబడెను. వానిని సరిచేసి ఊరకుండక, లోపలి నిర్మాణమునంతయు చిత్తరువుగా వ్రాసికొనెను. పిదప కిసబురో కవాయి యను నగిషీపనివానితో కలిసి, రెండు నెలల శ్రమచే స్వయముగా నొక ఆర్గను నిర్మించెను.

దానిని తగినవారు పరీక్షింపవలె గదా! టోకియోలోని సంగీత విద్యాలయము 250 కిలోమీటర్ల దూరము. ఇరువురును కావడిబద్ద భుజమున వేసికొని, హకోనే కనుమ దాటి దానిని మోసికొనిపోయిరి. విద్యాలయాధికారి షూజీ ఇసావా పరీక్షించి, ఆకారము బాగున్నది గాని శ్రుతి సరిగా లేదని చెప్పివైచెను.

అంత బరువు మోసినవాని కామాట యెట్లుండునో యోచింపుడు. పరీక్షకునే తప్పు పట్టువారిని మనమెందరిని చూడలేదు! తొరకుసు అట్లు చేయలేదు. ఇసావా యనుమతితో నచ్చటనే నెలదినములు నిలిచి, శ్రుతి చేయు విధమును, సంగీత శాస్త్రమును అభ్యసించెను. చేతికిని కంటికిని తెలిసినది అంతవరకు చెవికి తెలియకుండెను. హమమత్సుకు మరలివచ్చి చేసిన రెండవ ఆర్గనును ఇసావా విదేశపు వాద్యములకు దీటని మెచ్చెను. శ్రుతిదండము ఆ సంస్థకు గుర్తగుట యుక్తమే.

1897లో నిప్పొన్ గక్కి యను పేర సంస్థ వాటాదారుల కంపెనీగా మారెను. తొరకుసు 1899లో అమెరికాకు పోయి పియానో కర్మాగారములు చూచి వచ్చెను. మరుసటి యేటనే నిలువు పియానోయు, 1902లో గ్రాండు పియానోయు తయారయ్యెను. అతడు 1916లో మరణించెను. కొయ్యను చెక్కుటలోను అతుకుటలోను గడించిన నేర్పుచే, తరువాతి వారు విమానముల పంఖాలు చేసిరి. యుద్ధానంతరము ఆ యంత్రములు పనిలేక పడియుండగా, వానినుండియే 1955లో మోటారు సైకిలు వెలువడెను. నాకు వింతగా తోచినది ఆ బండి కాదు. 1954లోనే పసిపిల్లల సంగీత తరగతులను ఆ సంస్థ ప్రారంభించుట. వాద్యము లమ్ముకొనుటకే యందురేమో. అయినను పిల్లలు పాడిరి గదా!

1959లో ఎలక్టోను అను విద్యుదార్గను వచ్చెను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ కనుగొనిన నాదోత్పాదన పద్ధతిని గ్రహించి, 1983లో డీఎక్స్ 7 అను వాద్యమును తెచ్చిరి. అందు రీడులు లేవు, తీగలు లేవు. అంకెల గణనచేతనే నాదము పుట్టును. స్వరమును జార్చుటకు ప్రక్కనొక చిన్న చక్రము కలదు. దానిచే గమకచ్ఛాయ కొంత తేవచ్చును గాని, వీణపై తీగను లాగి పలికించెడి బిగువు రాదని నా యభిప్రాయము.

2019లో చెన్నపట్టణము చేరువను ఈ సంస్థ కర్మాగారము నెలకొల్పినది గనుక, మన యిండ్లలోని ఆడపిల్లలకు కీబోర్డు కొనిపెట్టుట యిప్పుడు సులభమైనది. కొనుడు, కాని యొక మాట గమనింపుడు. మెట్ల వాద్యములందు స్థాయిని పండ్రెండు సమభాగములుగా విభజింతురు. అందుచే వాని అంతరగాంధారము, తంబురలో తనంతట పలికెడి గాంధారముకన్న కించిత్తు హెచ్చుగా నుండును. ఒక మెట్టునకును తరువాతి మెట్టునకును గల యెడమును నూరు పాళ్లు చేసినచో నీ భేదము సుమారు పదునాలుగు పాళ్లు. నిత్యము మెట్లతోనే పాడు బాలిక చెవి ఆ హెచ్చునకే అలవడును. కావున ఉదయము సరళీస్వరములు తంబురతో పాడించి, సాయంకాలము కీబోర్డు ముందు కూర్చుండనిండు.