దుబాయిలో మనవారి బస

ఖానాపూరు ప్రాంతమునుండియు, గోదావరి కావలి యొడ్డున నున్న జగిత్యాల పల్లెలనుండియు మనవారు గల్ఫు దేశములకు కూలికి బోవుట దశాబ్దములనుండి జరుగుచున్నది. వీసా మోసములను గూర్చియు, ఏజెంట్లకై చేసిన అప్పులను గూర్చియు పత్రికలు తరచు వ్రాయుచున్నవి. కాని అచట దిగినవాడు ఎవరి పేరిట, ఏ హక్కుతో తల దాచుకొనుచున్నాడను ప్రశ్న అంతగా చర్చకు వచ్చుట లేదు. ఇది చిన్న విషయము కాదు.

పెద్ద కంపెనీల కూలీలకు కొంత రక్షణ కలదు. ఒక్కొక్క కూలివానికి పడుకొను గదిలో కనీసము 3 చదరపు మీటర్ల చోటుండవలయునని ఎమిరేట్సు ప్రభుత్వము 2009లో నిర్ణయించినది. 50 మందియైనను గల సంస్థలు, నెలకు 2,000 దిర్హములకు లోపు వేతనము గలవారికి ఉచితముగా బస చూపవలయునని 2016లో ఆజ్ఞ వెలువడినది. చిన్న దుకాణములలో, చిన్న కంట్రాక్టర్లయొద్ద పనిచేయువారి సంగతి వేరు. బస వారే వెదకుకొనవలయును.

దుబాయిలో ఇల్లు కిరాయికి బుచ్చుకొనవలెనన్నచో నివాస వీసా, గుర్తింపు కార్డు కావలయును. కిరాయిపత్రమును ‘ఎజారీ’ అను ప్రభుత్వపు లెక్కలో నమోదు చేయింపవలయును. యేటి కిరాయికి రానున్న తేదీలు వేసిన చెక్కులను, సాధారణముగా నూటికి 5 వంతున ధరావతును ముందే చెల్లింపవలయును. చెక్కులకు బ్యాంకు ఖాతా కావలయును. ఖాతాకు కార్డు కావలయును. కార్డు చేతికి వచ్చుటకు కొన్ని వారములు పట్టును. క్రొత్తగా దిగిన కూలివాడు ఆ వారములు ఎచట నుండవలయును?

అందుచే అతడు మరియొకరి పేరిట నున్న గదిలో ఒక మంచమును కిరాయికి బుచ్చుకొనుచున్నాడు. దీనినే ‘బెడ్ స్పేసు’ అందురు. ధరావతు చేతినుండి చేతికి బోవును; రసీదుండదు. ఇక చట్టము జూడుడు. ధరావతును, లేక నష్టము మినహాయించిన శేషమును, గడువు తీరిన పిమ్మట తిరిగి యీయవలయునని 2007 నాటి దుబాయి చట్టము చెప్పుచున్నది. యజమాని వ్రాతమూలకమగు సమ్మతి లేక మరియొకరికి కిరాయికిచ్చినచో ఇరువురిని వెళ్లగొట్టవచ్చుననియు, అట్లు వెడలినవాడు తనకు గది నిచ్చినవానినుండి నష్టపరిహారము కోరవచ్చుననియు ఆ చట్టమే చెప్పుచున్నది. హక్కు కలదు; దానిని రుజువు చేయు కాగితము లేదు. కిరాయి వివాదముల న్యాయస్థానము 2013లో ఏర్పడినది. అచట ఫిర్యాదునకు కనీసపు రుసుము 500 దిర్హములు. ఐదువందల ధరావతు పోగొట్టుకొన్నవాడు దానికై మరి యైదువందలు కట్టునా?

2025 జూనులో దుబాయి మునిసిపాలిటీవారు అక్రమముగా అడ్డుగోడలు పెట్టిన గదులపై దాడులు సాగించిరి. అగ్నిప్రమాద భయముచే జరిగిన ఆ చర్యను మేము తప్పు పట్టజాలము. కాని అట్టి చర్యల భారము లాభము గడించిన మధ్యవర్తికంటె మంచము కోల్పోయిన కూలివానిపైననే ఎక్కువగా పడును.

చట్టము తెలియకపోవుట కూలివాని దోషమని కొందరందురు. అరబ్బీ, ఆంగ్లములలో నున్న చట్టమును వానికి తెలుగున చెప్పినవారెవరు? విదేశాంగ శాఖవారు ప్రయాణమునకు పూర్వము ఒకనాటి శిక్షణ యిప్పించుచున్నారు. అందు బస విషయమును తెలుగున బోధింపవలయును. ఉద్యోగపత్రమున ‘బస కంపెనీదా, కూలివానిదా’ యన్నది స్పష్టముగా వ్రాయించిన పిమ్మటనే విమానమెక్కవలయునని చెప్పవలయును. కిరాయి యిచ్చినపుడెల్ల రసీదు కోరుమనియు, ఎజారీ కాగితమును చూపుమని అడుగుమనియు, గదిలో నుండువారందరి పేర్లు నమోదు కావలయునని 2022లో దుబాయి భూమిశాఖ యాజ్ఞాపించినదనియు నేర్పవలయును. తగవు వచ్చినచో దుబాయిలోని ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రమున కెట్లు చెప్పుకొనవలయునో యెరిగింపవలయును. రాష్ట్ర ప్రభుత్వము ఇదంతయు ఒక చిన్న కరపత్రముగా అచ్చువేయించి గ్రామ పంచాయతీలలో పంచినచో వ్యయము స్వల్పము.

మనవారు పంపు సొమ్ముతో ఇచట ఇండ్లు లేచినవి. ఆ సొమ్ము సంపాదించువానికి అచట మంచమైనను తన పేరిట నుండవలదా?