మాత్రలు మింగితే సరిపోదు

మూర్ఛ జబ్బు ఉన్న పిల్లల కాలేజీ చదువు గురించి ఎవరితో మాట్లాడినా ఒకటే జవాబు వస్తుంది. "అది మాత్రలతో తగ్గేదే కదండీ! కాళ్ళు లేవా, కళ్ళు లేవా? దానికి మళ్ళీ వేరే స్కాలర్‌షిప్ ఎందుకు?" అనేది చదువు రానివాళ్ళు కాదు. లెక్చరర్లు అంటారు, ఆఫీసుల్లో ఫైళ్ళు చూసేవాళ్ళు అంటారు. వినడానికి మంచిమాటే. మూర్ఛ శాపం కాదు, గాలి సోకడం కాదు, దానికి మందుంది అని ధైర్యం చెబుతున్నట్టే ఉంటుంది. కానీ ఈ మాటే అడ్డుపెట్టుకుని మనం ఎందరో పిల్లల చదువులను మధ్యలో వదిలేస్తున్నాం. ఈ వాదన తప్పు. వైద్యపరంగా సగమే నిజం, న్యాయం దృష్టితో చూస్తే పూర్తిగా తప్పు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచింది. దీర్ఘకాలిక నాడీ సంబంధ వ్యాధుల కింద మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను, పార్కిన్సన్స్‌ను చేర్చింది. మూర్ఛను చేర్చలేదు. పట్టికలో పేరు లేకపోతే ఏమవుతుందో మన నర్సీపట్నంలో సచివాలయానికి వెళ్ళిన ఏ తల్లినడిగినా చెబుతుంది. మూర్ఛ ఒక్కటే ఉంటే సదరం క్యాంపులో వైకల్య సర్టిఫికెట్ రాదు. సదరం లేకపోతే వికలాంగ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తే పెట్టలేరు. ఇంజనీరింగ్, డిప్లొమా పిల్లలకు ఏఐసీటీఈ ఏడాదికి 50,000 రూపాయలిచ్చే సక్షమ్ పథకానికీ 40 శాతం వైకల్యం ఉన్నట్టు కాగితం కావాలి. ఉన్నత విద్యలో 5 శాతం సీట్ల కోటా కూడా ఆ కాగితం మీదే నడుస్తుంది.

అదే పట్టికలో సికిల్ సెల్ ఉంది, తలసేమియా ఉంది, హీమోఫీలియా ఉంది. ఉండి తీరాలి కూడా. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే చింతపల్లి, గూడెం కొత్తవీధి ఊళ్ళలో సికిల్ సెల్‌తో బాధపడే గిరిజన పిల్లలున్నారు. ఆ జబ్బు రోజూ ఒకేలా ఉండదు. నెల రోజులు ఆడుతూ పాడుతూ తిరిగిన పిల్ల ఒక రాత్రి నొప్పితో మెలికలు తిరిగిపోతుంది. వచ్చి పోయే జబ్బు కూడా వైకల్యమేనని అక్కడ ఒప్పుకున్న చట్టం మూర్ఛ దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఒప్పుకోదు? దీనికి నాకు తృప్తినిచ్చే జవాబు ఎవరూ చెప్పలేదు.

"మందులతో తగ్గేదాన్ని వైకల్యం అనకూడదు" అన్న వాదన మనం కొత్తగా కనిపెట్టింది కాదు. 1999లో అమెరికా సుప్రీంకోర్టు సరిగ్గా ఇదే చెప్పింది. మందులూ కళ్ళద్దాలూ వాడాక ఎంత లోటు మిగిలిందో చూసి అప్పుడు వైకల్యమా కాదా తేల్చమంది. ఆ లెక్క ప్రకారం మూర్ఛ ఉన్నవాళ్ళు అక్కడి కోర్టుల్లో కేసులు ఓడిపోయారు. మందు వేసుకోకపోతే ఫిట్స్ వచ్చి పనికి పనికిరారు, వేసుకుంటే చట్టానికి పనికిరారు. ఈ అన్యాయాన్ని ఆ దేశం 2008లో చట్టం సవరించి సరిదిద్దుకుంది. మందు వల్ల కలిగే మేలును లెక్కలోకి తీసుకోకూడదని, వచ్చి పోయే జబ్బయితే అది పైకి లేచినప్పుడు మనిషిని ఎంత అడ్డుకుంటుందో చూడాలని రాసుకుంది. వాళ్ళు 2008లోనే వదిలేసిన వాదనను మనం ఇప్పుడు తెలివైన మాటగా చెప్పుకుంటున్నాం.

ఇక వైద్యం సంగతి. సరైన వైద్యం అందితే మూర్ఛ ఉన్నవాళ్ళలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. "అందితే" అన్న మాటను మనవాళ్ళు మింగేస్తారు. మిగతా 30 శాతాన్ని అసలే తలుచుకోరు. పూట తప్పకుండా మాత్ర పడాలి, వేళకు నిద్ర ఉండాలి, ఏళ్ళ తరబడి డాక్టరు చూపులో ఉండాలి. నర్సీపట్నం నుంచి న్యూరాలజీ డాక్టరు కోసం విశాఖ కేజీహెచ్‌కు పోవడమంటే తెల్లవారకముందే ఆర్టీసీ కాంప్లెక్స్‌కు చేరడం, ఓపీ చీటీ కోసం నిలబడడం, చీకటిపడ్డాక ఇల్లు చేరడం. పిల్లకు క్లాసులు పోయాయి, తోడు వెళ్ళిన తండ్రికి కూలి పోయింది. కొండ మీది ఊళ్ళవాళ్ళకైతే దీనికి ఇంకో రోజు కలుపుకోవాలి.

టీనేజీలోనే మొదలయ్యే ఒక రకం మూర్ఛ ఉంది. పొద్దున్నే లేచాక చేతులు ఒక్కసారిగా అదురుతాయి. పళ్ళు తోముకుంటుంటే బ్రష్ ఎగిరిపడుతుంది, టీ గ్లాసు చేజారుతుంది. అజాగ్రత్త అని ఇంట్లో తిడతారు. నిద్ర తగ్గితే ఆ అదుర్లు ముదిరి పూర్తి ఫిట్స్‌గా మారతాయి. ఇప్పుడు మన ఇంటర్ చదువులు చూడండి. తెల్లవారుజామున లేపి రాత్రి పొద్దుపోయేదాకా స్టడీ అవర్స్‌లో కూర్చోబెట్టే హాస్టళ్ళకు సరిగ్గా ఆ వయసు పిల్లలనే పంపుతున్నాం. ఫిట్స్ వచ్చి తేరుకున్నాక ఆ పూటంతా తల దిమ్ముగా ఉంటుంది, ఒళ్ళంతా కొట్టినట్టుంటుంది, నాలుక కొరుక్కుని ఉంటే అన్నం మింగుడుపడదు. ఆ మర్నాడు యూనిట్ టెస్టు! మార్కులు తగ్గితే "ఈ పిల్లకు చదువు అబ్బదు" అంటారు. "ఇంటికాడ నీడపట్టున ఉండక కాలేజీకెందుకమ్మా" అని ఇరుగుపొరుగు వంత పాడతారు.

"ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉందిగా" అంటారు. ఉంది, మంచి పథకమే. దానికి 75 శాతం హాజరు ఉండాలన్న షరతు కూడా ఉంది. ఫిట్స్ వల్ల, ఆసుపత్రి ప్రయాణాల వల్ల తరగతులు పోగొట్టుకునే పిల్లకు ఆ షరతు గడప దగ్గరే అడ్డం పడుతుంది. ఇంకో సంగతి ఎవరికీ తట్టదు. మూర్ఛ ఉన్నవాళ్ళకు మన దేశంలో డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వరు. అది సరైన జాగ్రత్తే, నేను కాదనను. కానీ తోటి కుర్రాడు బండి మీద కాలేజీకి పోతుంటే, ఇతను ఆటోకో బస్సుకో ఏళ్ళ తరబడి డబ్బు పెట్టుకోవాలి. ట్యూషన్ ఫీజు కట్టేసి బాధ్యత తీరిందనే పథకంలో ఈ ఖర్చులకు చోటు లేదు.

కుటుంబం మాట కూడా చెప్పాలి. అన్నకు ఫిట్స్ వస్తే చెల్లెలు కాలేజీ మానేసి ఇంట్లో కాపలా ఉంటుంది. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, అమ్మా నాన్నా పనికి పోవాలి. ఒకరి జబ్బుకు ఇద్దరి చదువు పోతుంది. మూర్ఛ మందులు తయారుచేసే యూసీబీ కంపెనీ అమెరికాలో ఇచ్చే స్కాలర్‌షిప్‌కు రోగులతో పాటు వాళ్ళ కుటుంబ సభ్యులూ, కనిపెట్టుకుని ఉండేవాళ్ళూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక మందుల కంపెనీకి తట్టిన సంగతి మన ప్రభుత్వాలకు తట్టకపోవడం బాధాకరం.

చివరి అభ్యంతరం గౌరవించదగ్గది. "స్కాలర్‌షిప్ పేరుతో జబ్బు బయటపడితే ఆడపిల్లకు పెళ్ళవుతుందా?" అని తల్లులు భయపడతారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకుల జాబితా నుంచి మూర్ఛను తీసేసింది 1999లో మాత్రమే. అయినా దాచిపెట్టడం పిల్లను కాపాడదు. ఫిట్స్ వచ్చిన రోజున పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, నోట్లో ఏమీ కుక్కకూడదని, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలని తెలిసిన స్నేహితురాలు ఒక్కతి కూడా పక్కన లేకుండా పోతుంది. దరఖాస్తు గోప్యంగా ఉంచి, డబ్బు నేరుగా ఖాతాలో వేయడం కష్టమేమీ కాదు.

మూర్ఛను పట్టికలో చేర్చడానికి పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. 2016 చట్టం పట్టికలోనే, కేంద్రం నోటిఫై చేసే ఏ ఇతర వైకల్యాన్నయినా చేర్చవచ్చని రాసి ఉంది. ఒక్క నోటిఫికేషన్ చాలు. అది వచ్చేదాకా హాజరు షరతు సడలించడం, మూర్ఛ ఉన్న విద్యార్థికీ తోబుట్టువుకీ దారి ఖర్చులకు స్కాలర్‌షిప్ ఇవ్వడం రాష్ట్రం చేతిలో పని. నర్సీపట్నం శాసనసభ్యులు అయ్యన్నపాత్రుడు గారు శాసనసభ స్పీకర్ కూడా. ఈ మాట ముందు మన ఊరి నుంచే ఆయన దగ్గరికి వెళ్ళాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. పట్టికలో పేరు లేకపోయినా చట్టంలో వైకల్యానికిచ్చిన నిర్వచనం విశాలమైనదని, 40 శాతం కాగితం లేని అభ్యర్థికీ తగిన సౌకర్యం కల్పించాల్సిందేనని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది పరీక్ష రాయడానికి సహాయకుడి కోసం వేసిన కేసు. అయినా అందులో చెప్పిన సూత్రం మీ బిడ్డ హాజరుకూ వర్తిస్తుందని అడిగే హక్కు మీకుంది. డాక్టరు రాసిన చీటీలన్నీ జాగ్రత్తగా దాచుకోండి. ప్రిన్సిపాల్‌ను నోటిమాటగా బతిమాలవద్దు, రాతపూర్వకంగా అడగండి. కాదంటే, కాదన్న కారణాన్నీ రాసివ్వమనండి.